గుండీ ముడి

నాలుకతో ఒక్కో మేకునూ పెదవుల మధ్యకు తోసి, సుత్తి కొసనున్న అయస్కాంతానికి అంటించి, టక్కున సోఫా చెక్కలోకి దించుతున్నాడు అతను. కుడిచేతిలో సుత్తి, ఎడమచేతిలో లాగిపట్టిన గుడ్డ. మేకులకు మిగిలింది నోరే. పనిలో చేరిన నాటినుంచీ అంతే. అందుకే షాపులో అతను మేకుల మామ.

ఉన్నట్టుండి నోట్లో ఉప్పగా తగిలింది. మళ్లీ రక్తం.

నాలుక పక్కన ద్రాక్షపండు లాంటి ఊదారంగు గడ్డ. పుట్టుకతోనే ఉంది, ఈమధ్యే పెరిగింది. నిన్న పళ్ల డాక్టరమ్మ దానిమీద గాజుపలక అదిమితే రంగంతా పోయి తెల్లబడింది. అద్దంలో అతనికీ చూపించింది.

"క్యాన్సరా అమ్మా?"

"కాదు బాబాయ్. రక్తనాళాలు ఉబ్బాయంతే. ఇంజెక్షన్లతో కుదించేద్దాం, కొన్నిసార్లు రావాలి. అప్పటిదాకా గుచ్చొద్దు, కొయ్యొద్దు. నోట్లో మేకులు అసలే వద్దు."

"నోట్లోకి మేకులు పోకపోతే మెతుకులు పోవమ్మా."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

ఇప్పుడు నోరు కడుక్కొచ్చి, యజమాని ముందు నిలబడ్డాడు.

"కొన్నాళ్లు నోరు వాడకూడదట బాబూ."

"నువ్వు నోరు మూస్తే అత్తయ్య పండగ చేసుకుంటుంది మామా. మరి నా సంగతి? సాయంత్రం ఈ సోఫా కోసం వ్యానొస్తుంది. నీవల్ల కాదంటే చెప్పు, మేకుల గన్ను తెప్పిస్తా. దాన్ని ఎవడైనా నొక్కుతాడు."

నవ్వుతూనే అన్నాడు. షట్టర్ సగం దించి భోజనానికి వెళ్లిపోయాడు.

అదిమితే రక్తం పోయింది కదా, అనుకున్నాడు అతను. అదిమే ఉంచితే? సోఫా వీపుకు గుండీలు బిగించే మైనపుదారం తీశాడు. గుండీని లోతుకు లాగే ముడి కళ్లు మూసుకున్నా వేయగలడు. కళ్లద్దాలు సర్దుకుని, సెల్‌ఫోన్ తెరలో చూసుకుంటూ గడ్డ మొదట్లో చుట్టి లాగాడు. అది తెల్లబడలేదు, నల్లగా ఉబ్బింది. ఇంకాస్త బిగించాడు. దారం వెన్నలోకి దిగినట్టు దిగింది.

నోరు నిండిపోయింది. ముందూ పక్కనా అంతా మీగడరంగు గుడ్డ. ఉమ్మితే సోఫా పాడు. మింగాడు. గుటక మీద గుటక. లేవబోతే కాళ్లు నిలవలేదు. కాసేపటికి అదే ఆగుతుందిలే అని, నడుముకు కట్టిన గోనెగుడ్డ నోట్లో కుక్కుకుని, సోఫాకు దూరంగా జరిగి గోడకు చేరగిలబడ్డాడు.

"మామా, కునుకు తీస్తున్నావా? వ్యానొచ్చేస్తోంది, లే!"

యజమాని వచ్చి భుజం కదిపితే తల పక్కకు వాలింది.

సోఫా మీద చుక్క మరక లేదు. చేతిపట్టె మీద మడిచిపెట్టిన అతని కళ్లద్దాలు మాత్రం ఉన్నాయి. ఒక అద్దం మీద ఎర్రటి బొటనవేలి ముద్ర ఆరిపోయి ఉంది.