రాతి బ్యాంకు గ్రంథాలయం

సూర్యాపేట నుంచి తుంగతుర్తి పోయే బాటలో, మా ఊరి నడుమ దొర తాత కట్టించిన రాతి బ్యాంకు ఉండేది. విత్తనాల అప్పు తీర్చలేదని దాని ముందు ఈదయ్యను ఎండలో వంగబెట్టి, వీపు మీద బండ ఎత్తించారు. అతని నాలుగెకరాల పట్టాను గుమాస్తా ఇనుప పెట్టెలో వేసుకున్నాడు. నేను ఆ అరుగు ఊడ్చే వెట్టిదాన్ని, భర్త పోయినదాన్ని. అంతా చూస్తూ కూడా చీపురు ఆపలేదు.

నలభై ఏడు చలికాలానికి దొర మీద తిరగబడ్డ మా సంఘం బలపడింది. దొర పట్నం పారిపోయాడు. రెండు వందల మందిమి బ్యాంకు తలుపు పగలగొట్టి, కాగితాలన్నీ తగలబెట్టడానికి వాకిట్లో కుప్ప పోశాం. మాలో చదువు వచ్చినవాడు బడిపంతులు అబ్రహాం ఒక్కడే. అతను కుప్పకు అడ్డం నిలబడ్డాడు.

“ఆగుండ్రి. ఇందుల అప్పు కాగితాలే కాదు, మన పట్టాలు గూడ ఉండొచ్చు. రెండు రోజులియ్యుండ్రి, సదివి ఏరుత.”

“గుమాస్తా గూడ గిట్లనే సదివి సెప్పిండు పంతులూ,” అన్నాను. “ఇగ నువ్వు సదివింది నమ్మాల్నా మేము?”

జనం నవ్వారు. “బుచ్చమ్మ మంచిగడిగింది,” అన్నాడు సైదయ్య. ఆ నవ్వు నాకు కల్లులా ఎక్కింది. పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చి నేనే అంటించాను. కాగితమంటే మెడకు తాడని తప్ప మాకేం తెలుసు? పట్టాలు దొర వెంట పట్నం పోయాయని తరువాత అందరం అనుకున్నాం. అలా అనుకోవడం సుఖంగా ఉండేది.

ఖాళీ బ్యాంకులో సంఘం గ్రంథాలయం పెట్టింది. కోదాడ నుంచి రెండు బండ్ల పుస్తకాలు వచ్చాయి. ఇనుప పెట్టెలో పలకలు పెట్టుకున్నాం. నలభై రెండేళ్ల వయసులో నేనూ, ఈదయ్య భార్య లచ్చమ్మా ఒకే పలక మీద అక్షరాలు దిద్దాం. ఒకరోజు మెట్ల బండల సందులో సగం కాలిన ముక్క దొరికింది. కూడబలుక్కుని చదివాను. ‘ఈదయ్య, నాలుగెకరాల పట్టా’. పట్టా వెనక గుమాస్తా తెలుగులో రాసుకున్నది. దాన్ని కొంగున కట్టుకున్నాను. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. రోజూ లచ్చమ్మ పక్కనే కూర్చున్నాను.

నలభై ఎనిమిదిలో మిలిటరీ వచ్చింది. వాళ్ల వెనకే తెల్ల టోపీ పెట్టుకుని దొర వచ్చాడు. బ్యాంకు ఖాళీ చేయాలన్నాడు. పట్టా చూపకపోతే ఈదయ్య నాలుగెకరాల చెలక తనదేనన్నాడు. గ్రంథాలయంలో ఊరంతా కూడింది.

“పట్టా దొర తానే ఉన్నది. అందరి ముంగట ఆయన్నే తీయమంట,” అన్నాడు ఈదయ్య.

ఆ మాట మీద నిలబడితే అతను అబద్ధాలకోరు అవుతాడు. నేను లేచాను.

“పట్నం పోలేదన్నా. కాలింది. నేనే కాలవెట్టిన.” కొంగు విప్పి ముక్క చూపించాను.

“ఎన్నాళ్ల సంది ఎరుక నీకు?” అంది లచ్చమ్మ.

“నాలుగు నెలలు.”

“నా పక్కపొంటి కూసోని గదనే అ ఆలు దిద్దితివి.” ఆమె ముఖం తిప్పుకుంది.

సైదయ్య తల వంచుకున్నాడు. “బుచ్చమ్మ అంటువెడితె మనం నవ్వలేదా?”

ఈదయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. “కాగితం కాలింది. నేను దున్నంగ సూసిన కండ్లు కాలినయా? రాయుండ్రి పంతులూ. సంతకం పెట్టవచ్చినోళ్లంత పెడతరు.”

ముప్పై ఎనిమిది మందిమి సంతకాలు చేశాం. మిలిటరీ అఫ్సరు ఆ సాక్ష్యం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. పుస్తకాలు బయట పారేయించి బ్యాంకుకు తాళం వేయించాడు. అబ్రహాంను, ఈదయ్యను లారీలోకి నెట్టారు.

“జొన్నలదను పోతది. చెలక ఇడువకుండ్రి,” అని ఈదయ్య అరిచాడు.

పొద్దున్నే చెలకకు పోయాం. ఎద్దులను పట్టుకుని లచ్చమ్మ గట్టు మీద ఉంది. తుపాకులొస్తే అడ్డం ఉండాలని మగవాళ్లు బాట పొడుగునా నిలబడ్డారు. ఆడది నాగలి పట్టరాదంటారు. భర్త పోయిన నాలాంటిది ఎద్దులకు ఎదురైతేనే అరిష్టమంటారు. నేను వెనక్కి తగ్గాను.

“నీతోని నాకు మాటల్లేవు,” అంది లచ్చమ్మ. “నాగలి పట్టు.”

పట్టాను. మూడో సాలులో ఉండగా బాట మీద లారీ ఆగింది. ఎవరూ కదల్లేదు. లచ్చమ్మ నా వెనకే జొన్నలు చల్లుతూ వచ్చింది.