షట్‌డౌన్ అంటే డ్యూటీ

సౌదీలోని హుఫూఫ్ కరెంటు ప్లాంటులో పైపులు బిగించే లింబాద్రికి ఇంగ్లీషు ముక్కలు ఓ యాభై వచ్చు. వాటిలో అతనికి మహా ఇష్టమైనది షట్‌డౌన్. ఏడాదికోసారి ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజులవి. సెలవులు రద్దు, రెండేసి షిఫ్టులు, జ్వరమొచ్చినవాడు కూడా హాజరు.

అందుకే 1995 డిసెంబరులో సేఫ్టీ ఇన్‌స్పెక్టరు వాల్టర్ మొహం వేలాడేసుకుని "మా గవర్నమెంట్ షట్‌డౌన్" అనగానే లింబాద్రి తెగ సంబరపడ్డాడు.

"గుడ్ సార్! షట్‌డౌన్ ఫుల్ వర్క్! మీ కామ్ జల్దీ ఫినిష్!"

వాల్టర్ అతని వంక ఓసారి చూసి, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ దగ్గే అసలు సంగతి. దాదాపు ఐదేళ్ల కిందట కువైట్‌లో చమురు బావులు తగలబడ్డప్పుడు ఈ అమెరికావాడు సరిహద్దు క్యాంపులో సిపాయి. ఆ క్యాంపుకు నీళ్ల ట్యాంకరు మీద వెళ్లిన హెల్పరు లింబాద్రి. ఊపిరితిత్తులు పాడైంది ఆ పొగ వల్లేనని మాజీ సైనికుల ఆఫీసు ఒప్పుకుంటే, దానికి వాల్టర్‌కు బతికినంతకాలం వైద్యం దొరుకుతుంది. కానీ ఆ క్యాంపు మీదికి పొగే రాలేదని కాగితాల్లో ఉందట. తోటి సిపాయిలు తలో దిక్కయ్యారు. దొరికిన సాక్షి లింబాద్రి ఒక్కడే. ఇరవయ్యో తేదీన అతన్ని ఫోన్లో విచారిస్తామన్నారు. తర్జుమాకు కడప మనిషి, ఆఫీసు టైపిస్టు మస్తాన్ వలీ సిద్ధంగా ఉన్నాడు.

లింబాద్రి చేసిన ఘనకార్యం విని మస్తాన్ వలీ నెత్తి కొట్టుకున్నాడు.

"అది మన షట్‌డౌన్ గాదు లింబాద్రన్నా! బడ్జెట్ కాడ తగువు పడి ఆఫీసులు మూసేసినారు. ఆస్పత్రులు తెరిచే ఉండాయి గానీ, ఈ కేసులు చూసేవాళ్లను ఇండ్లకు పంపిచ్చినారు. నీ ఫోనుకు మళ్లా ఎప్పుడో తేదీ ఇస్తారంట."

"ఎప్పుడో అంటె ఎట్ల? ముప్పై తారీఖు నేను ఫైనల్ ఎగ్జిట్ మీద మొత్తానికే ఇంటికి పోతున్న గదా! మా ఊర్ల ఫోనేడిది?"

"సార్ బాధ అదే గదన్నా."

లింబాద్రికి తల కొట్టేసినట్టయింది. దిగులుతో ఉన్న మనిషికి గుడ్ చెప్పి వచ్చాడు మరి! పాస్‌పోర్టులో ముద్ర పడ్డాక ఆగే వీలు లేదు. శుక్రవారం దాకా వాల్టర్ కనబడితే చాలు, పైపుల చాటుకు తప్పుకున్నాడు.

శుక్రవారం పెట్టె సర్దుతుంటే వాడని క్యాసెట్ ఒకటి చేతికి తగిలింది. చదువు రాని లింబాద్రి పన్నెండేళ్లుగా భార్య పుష్పకు ఉత్తరాలన్నీ క్యాసెట్లలోనే మాట్లాడి పంపాడు. టేప్‌రికార్డరు చంకన పెట్టుకుని, మస్తాన్ వలీని వెంటేసుకుని, తిన్నగా వాల్టర్ గదికి వెళ్లాడు. మీట నొక్కాడు.

"పుష్పా, నేనీడ మంచిగున్న..." నాలుక్కరుచుకున్నాడు. "గాదు, ఆఫీసు సార్లూ! నేను లింబాద్రిని. పట్టపగలు పన్నెండు గంటలకు లైట్లు ఏసుకొని ట్యాంకర్ నడిపినం. రొట్టె ఇప్పితె రొట్టె మీద మసి. వాల్టర్ సారు దగ్గితె దస్తీ నల్లగైంది. ఆ దస్తీ ఈ చేతులతోని పిండిన."

మస్తాన్ వలీ ఒక్కో మాటనూ ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు.

"ఇంకొక్క ముచ్చట సార్లూ. మా దగ్గర షట్‌డౌన్ అంటె జెరమొచ్చినోడు గూడ డ్యూటీకొస్తడు. మీరు గూడ జెర జల్దీ రాండ్రి."

ఆ ముక్క ఇంగ్లీషులో వినగానే వాల్టర్ పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. మంచం అంచు పట్టుకుని వంగిపోయాడు. మస్తాన్ వలీ కంగారుగా టేపు ఆపబోయాడు.

లింబాద్రి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్ వలీ. ఆ దగ్గు గూడ ఇననియ్ వాళ్లను."