సగం వేలు

వీధుల్లో నడుంలోతు నీళ్ళు నిలిచిన వరద తర్వాత మూడో ఏడు అది. ఆ వరద ఒక పత్రికాఫీసు నేలమాళిగలో పెట్టెల్ని తడిపింది. తడిసిన పాత ఫోటోలు ఆరబెడుతుంటే నూలు మిల్లు గేటు ఫోటో ఒకటి బయటపడింది. నలభై ఏళ్ళుగా ఎవరి కంటా పడనిది. ఆ వరదే రాకపోతే సిరాబుడ్డి ఇంకా హాయిగా నిద్రపోతుండేవాడు.

సిరాబుడ్డి అంటే మనిషే. బొమ్మల కథల పుస్తకాలకి సిరా వేసే ముసలాయన. మేనల్లుడు పెన్సిల్‌తో బొమ్మ గీసిస్తే, దాని మీద ఈయన పాళీతో, కుంచెతో నల్లగా ఖాయం చేస్తాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. “మామయ్యా, మూత తీస్తే ఒలికిపోతావా ఏంటి?” అని మేనల్లుడు ఏడిపిస్తుంటాడు.

ఇప్పుడు వేస్తున్నది ఆ మిల్లు తగలబడిన కథ. నిజంగా జరిగిందే. కూలి పెంచమని కొందరు గేటు బయట గుమిగూడారు. లోపలివాళ్ళు కూడా వచ్చి కలవకుండా ఎవడో బయటనుంచి తాళం వేశాడు. గంట తిరక్కుండా మంటలు లేచాయి. ముప్ఫై ఒక్కమంది లోపలే పోయారు. వాళ్ళలో సిరాబుడ్డి బావ ఒకడు. అప్పటికి అక్క కడుపుతో ఉంది. ఆ కడుపులోవాడే ఈ మేనల్లుడు.

సిరాబుడ్డి నాన్న ఆ గేటు దగ్గరే కాపలాకి ఉండేవాడు. కానీ ఆ పూట పన్నుపోటుతో ఆసుపత్రి వరుసలో కూర్చున్నానన్నాడు. మిల్లు యజమానీ అదే చెప్పాడు. తాళం వేసింది కిరాయికి తెచ్చిన ఎవడో అన్నారు. ఆ ఎవడో దొరకలేదు. నాన్న ఆ రోజునుంచి గడ్డం గీసుకోలేదు. అల్లుడి మీద బెంగ అనుకున్నారందరూ. ఏడాది తిరిగేసరికి ఆయనా పోయాడు. అక్క ఇంట్లో గోడకి గడ్డంతో ఉన్న నాన్న ఫోటో ఒకటుంది. దాని మీద దుమ్ము వాలనివ్వదు.

తాళం వేసినవాడి గురించి మాత్రం అక్కది ఏళ్ళ తరబడి ఒకటే మాట. “వాడినేం చెయ్యను తమ్ముడూ. ఒక్కసారి మొహం చూడాలి, అంతే.”

ఆ పొద్దున మేనల్లుడు ఆఖరి పేజీ తెచ్చి బల్లమీద పెట్టాడు.

“పెద్ద బొమ్మ గడి ఉంది చూడు, దాన్ని లైటు బల్ల మీద పెట్టి ఫోటోనుంచి ఉన్నదున్నట్టు దించాను. ఈ మూల తాళం పట్టుకున్నవాడే వాడు. అమ్మకి మొహం దొరికింది మామయ్యా!”

“పేరు?”

“పేరెవడికి తెలుసు! మొహం చాలు. రేపు పదింటికి ప్రెస్సువాళ్ళు వస్తారు. నువ్వు కానియ్.”

సిరాబుడ్డికి ఒక పద్ధతి ఉంది. జనం మొహాలు వేసేటప్పుడు పేజీ తలకిందులుగా తిప్పుకుంటాడు. నిటారుగా పెడితే చెయ్యి తనకి అలవాటైన ముక్కులే అందరికీ తగిలించేస్తుంది. తలకిందులుగా పెడితే గీత గీతలాగే కనబడుతుంది. అలాగే గేటు ఊచలు వేశాడు, జనాన్ని వేశాడు, తాళం వేశాడు. చివరికి ఆ మూల మొహం. కనుబొమ్మలకి సన్న పాళీ, దవడ నీడకి కుంచె. వేస్తున్నంతసేపూ అది గీతలే.

సిరా ఆరాక పేజీ తిప్పాడు.

నాన్న.

మళ్ళీ తలకిందులు చేశాడు. గీతలు. మళ్ళీ తిప్పాడు. నాన్నే. గడ్డం లేని నాన్న, తనని భుజాన ఎక్కించుకున్ననాటి నాన్న.

లోకంలో మనిషిని పోలిన మనుషులుండరా అనుకున్నాడు. వెంటనే చేతికేసి చూశాడు. నాన్న ఎడమచేతి చూపుడువేలు సగమే. కుర్రతనంలో గడ్డి కోసే మిషన్లో పోయింది. బొమ్మలో తాళం పట్టుకున్న ఎడమచేతికి వేళ్ళన్నీ ఉన్నాయి. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

అయినా అడిగాడు. “ఒరేయ్, ఈ వేలు ఫోటోలో ఇలాగే ఉందా?”

“ఏ వేలు? ఓ, అదా! సగమే పడింది. నీళ్ళకి చెరిగిపోయుంటుంది. సగం వేలు వేస్తే నాకు చేతులు గీయడం రాదంటారు కదా, నేనే పూర్తి చేశా.”

“ఫోటో ఇటు తే.”

భూతద్దం పెట్టి చూశాడు. ఫోటో అంచులు మరకలతో నిండిపోయాయి. ఆ చేతి చుట్టూ ఒక్క మరక లేదు. పక్క వేళ్ళ గోళ్ళు కూడా కనబడుతున్నాయి. చూపుడువేలు మాత్రం నడిమి కణుపు దగ్గరే ఆగిపోయింది. నున్నగా.

“ఏంటి మామయ్యా, అలా పాలిపోయావ్?”

ఆయన జవాబు చెప్పేలోపే అక్క టీ ఫ్లాస్కుతో మెట్లెక్కి వచ్చింది.

“ఏరా, అయిందా నా మొగుడి కథ? ఏదీ, ఆ దొంగవెధవ మొహం చూపించు.”

సిరాబుడ్డి పేజీ మీద అట్ట కప్పేశాడు. “తడి ఆరలేదు.”

“నలభై ఏళ్ళు ఆగినదాన్ని, సిరా ఆరేదాకా ఆగలేనా?” అని నవ్వి టీ పోసింది. కప్పు చేతికిస్తూ, “నాన్న ఉండుంటే ఎంత సంబరపడేవాడో,” అంది.

ఆయన కప్పు తాగకుండానే అట్ట పక్కన పెట్టేశాడు.

సాయంత్రం తల్లీ కొడుకూ వెళ్ళిపోయాక ఆయన తెల్లరంగు సీసా మూత తీశాడు. తప్పుల్ని కప్పేది ఆ రంగే. కుంచె తడిపి నాన్న మొహం మీదికి తెచ్చాడు. నాలుగు పూతలు వేస్తే ఆ చోట ఇంకో ముక్కు, ఇంకో దవడ. పద్ధతి తెలిసిన చెయ్యి, పది నిమిషాల పని. అక్కకి ఏమీకాని ఎవడిదో మొహం దొరుకుతుంది. గోడమీది నాన్న గోడమీదే ఉంటాడు. కుంచె కొసన రంగు గట్టిపడిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చుక్క వెయ్యలేదు. తుడిచెయ్యనూ లేదు. కుంచె కడిగి, లైటార్పి ఇంటికి పోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే వచ్చి మళ్ళీ తెల్లరంగు తీశాడు. మొహం జోలికి పోలేదు. మేనల్లుడు పెట్టిన సగం వేలుని రెండు పూతల్లో తీసేశాడు. మిగిలిన సగానికి సన్న పాళీతో కొస గుండ్రంగా దిద్దాడు. ఆరేదాకా నిలబడి చూశాడు. తర్వాత పేజీనీ, ఫోటోనీ రెండట్టల మధ్య పెట్టుకుని అక్క ఇంటికి నడిచాడు.

అక్క తలుపు తీసింది. “ఇంత పొద్దున్నే ఏంట్రా?”

లోపలికెళ్ళి, పేజీని బల్లమీద ఆమెకి నిటారుగా కనబడేలా పెట్టాడు. ఆయన వైపునుంచి నాన్న తలకిందులుగా ఉన్నాడు.

“తడి ఆరింది అక్కా,” అన్నాడు.