రాజా పట్టు

కుక్కపిచ్చి పట్టినవాడికి పెళ్లాం మాట చెవికెక్కదు. భానుప్రకాష్‌కీ ఎక్కలేదు. ఆదివారం రుచితను గుడికి తీసుకెళదామని మధులిక వారం నుంచి పోరుతుంటే, తల్లీకూతుళ్లను, వాళ్లతో పాటు షేరూను కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్ ఇంట్లో వదిలేసి బంటింగ్ ఊరి దారి పట్టాడు.

షేరూ ఏడాది నిండని పిట్‌బుల్. ఆ జాతిని ఇప్పుడు దేశంలోకి తేనివ్వరు గనక, పాతరోజుల్లో వచ్చినవాటి సంతానమే చాటుమాటుగా చేతులు మారుతుంది. అమ్మిన తినగరన్ "ఇది రాజా వంశం" అన్నాడు. ఆ ఒక్క మాటకు భానుప్రకాష్ బోర్లా పడ్డాడు. సొంత ముత్తాత పేరడిగితే నీళ్లు నమిలే మనిషి, కుక్కల వంశావళి మాత్రం గడగడా అప్పజెబుతాడు. ఇప్పుడతనికి కావలసింది ఒక్కటే. రాజా అనే పేరుమోసిన పందెం కుక్కను పెంచిన బంటింగ్ అప్పడు నోటితో "అవును, ఇది రాజా రక్తమే" అనిపించుకోవాలి.

అప్పడుకు డెబ్బై దాటాయి. పెద్దవాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో కూలికి వచ్చినవాళ్లు. తోటలు పోయి ఫ్యాక్టరీలు లేచినా ఆయన ఆ ఊరు వదల్లేదు.

"రాండి బావూ, కూకోండి లా" అన్నాడు, అక్కడి వాళ్ల అలవాటు కొద్దీ మాట చివర "లా" తగిలించి. తెలుగు మాట్లాడే మనిషి ఇంటికి రావడమే ఆయనకు పండగ.

నలభై దాటిన ఒకావిడ టీ తెచ్చి పెట్టింది. ఎడమవైపు చెంప దాకా కప్పేసేలా తలకు చున్నీ చుట్టుకుంది. "థాంక్సండీ" అన్నాడు భానుప్రకాష్. ఆవిడ పలకలేదు. పొగరు కాబోలు అనుకున్నాడు.

"మా కోగిల" అని ఒక్క ముక్కలో తేల్చేసి, అప్పడు కుక్కల్లోకి వెళ్లిపోయాడు. ఇక ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు. క్లాంగ్ రేవులో ఓడవాళ్లు దింపిన మొదటి జంట ఎట్లా ఉండేదో చెప్పాడు. ఇపోలో శివనేశన్ పెంచిన నల్లకుక్కల గురించి చెప్పాడు. "మొరుగుడెక్కువ, పట్టు తక్కువ" అని వాటిని తీసిపారేశాడు. ఇళంగోవన్ ఎర్రముక్కు కుక్కలైతే ఆయన లెక్కలోకే రావు. "సూడ్డానికి పెల్లికొడుకులు. గొయ్యిలో దించితే తోక ముడిసీవోరు."

గొయ్యి అంటే తోట చివర నడుంలోతున తవ్విన పందెం గొయ్యి. అందులో కుక్కల్ని వదిలి చుట్టూ జనం నిలబడేవారు. భానుప్రకాష్ నోరు తెరుచుకుని విన్నాడు.

"మరి మీరు మంచి పిల్లను ఎట్ల ఎంచేవారు తాతా?"

"రబ్బరు సెట్టుకి తాడు కట్టి, కొసన ఆవుతోలు ఏలాడదీసీవోన్ని. ఊపీవోన్ని. ఎగిరి పట్టి ఏలాడిపోయినదాన్నే ఉంచినాను. వొగ్గీసినదాన్ని ఎవులికో ఇచ్చీసినాను. అలగ తరాలు గడిసినాక రాజా పుట్టినాడు. ఊగేది అగుపడితే ఆడికి ఇంకేటీ అగుపడదు. అరవడు, గుర్రుమనడు. పట్టీడమే."

భానుప్రకాష్ ఫోను తీసి చూపించాడు. దండెం మీది తువ్వాలును పట్టుకుని షేరూ గాలిలో వేలాడుతున్నాడు. పక్కన నాలుగేళ్ల రుచిత రెండు జడలూ ఎగిరేలా గంతులేస్తోంది. కోగిల తండ్రి భుజం మీదుగా వంగి చూసింది. అప్పడు ఫోనును కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు.

"రాజా రక్తమే బావూ. అదే మొకం. అదే పట్టు."

భానుప్రకాష్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ. అక్కడితో లేచి వచ్చేస్తే పోయేది, కానీ ఆశ ఆగనివ్వలేదు. "ఇంకొక్కటి తాతా, ఆ గుంట కథ చెప్పండి" అన్నాడు. "రాజాకు పేరొచ్చిందే దాంతో అయ్యుంటది."

కప్పు తీయబోయిన కోగిల చెయ్యి ఆగింది. అప్పడు ముఖం వెలిగింది. "గుంట కతా? కేఎల్ దాకా పాకినాదేటి? ఆయేల రాజాకి కట్టు తెగినాది. ఒక్క దూకున గుంట మీద పడ్డాడు. పట్టినాడు. ముగ్గురం లాగినాం, వొగ్గనేదు. బొక్కెనతో నీల్లు కుమ్మరించినాం, వొగ్గనేదు. దవడల మజ్జిన కర్ర దూర్సితే కర్ర ఇరిగినాది గాని ఆడు వొగ్గనేదు."

"పట్టంటే అదీ" అని తొడ చరిచాడు భానుప్రకాష్. "మరి గుంటలో రెండోది ఏమైంది?"

"రెండోదేటి? గుంట ఒక్కర్తే. ఏడిసీ ఏడిసీ నోరు పడిపోయినాది. జడ ఆడి నోట్లోనే ఉండిపోయినాది, నెత్తి తోలుతో సహా."

భానుప్రకాష్ చెయ్యి తొడ మీదే ఉండిపోయింది. గుంటకు జడేమిటి? ముసలాయన ఇంతసేపూ పందెం చోటును గొయ్యి అనే అన్నాడు. గుంట అన్నది తానే. తమ వరంగల్‌లో గుంట అంటే గొయ్యి. శ్రీకాకుళం వాళ్లు ఆడపిల్లను గుంట అంటారని ఆఫీసులో ఎవరో చెబితే ఒకప్పుడు నవ్వుకున్నాడు కూడా.

"గుంట అంటే..." అన్నాడు.

"నానే" అంది కోగిల.

చున్నీ కాస్త వెనక్కి తీసింది. ఎడమవైపు జుట్టు లేదు, చెవి లేదు. మెరిసే మచ్చ ఒకటి మెడ దాకా దిగింది. "ఇటేపు నాకినబడదు. మీరిందాక ఏదో అన్నారు, ఏటన్నారో తెలీదు. ఆ తోలు ఏలాడదీసిన తాడుకే మా నాయిన నాకు ఉయ్యాల కట్టినాడు. ఊగతన్నాను."

ఆ మనిషి ముందు తొడ చరిచానే అని భానుప్రకాష్ ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు. ముసలాయన కళ్లలో తడి కోసం చూశాడు. లేదు. ఆ కళ్లు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

"రాజాను... ఏం చేశారు?"

"ఏటి సేత్తాం? ఆ నెల్లోనే జత కట్టించినాను. అలాటి పట్టు పోతే మల్లీ వత్తాదా? మీ కుక్క ఆ ఈతలోంచి దిగినదే."

కోగిల అతని ఫోను వైపు చూపించింది. "మీ పాపకి జడలున్నాయి" అంది. అంతే అంది.

వీధిలోకి పరిగెత్తి ఫోను చేశాడు. చాలాసేపు మోగాక మధులిక ఎత్తింది.

"నువ్వొచ్చేలా లేవని మేమే గుడికి పోతున్నం. రుచికి జడకుచ్చులు కడుతున్న. ఈ షేరూ చూడు, ఇందాకటి నుంచి కుచ్చులనే చూస్తూ కూర్చున్నడు. మొరగను కూడా మొరగడు, ఎంత బుద్ధిమంతుడో. ఇంతకీ రాజా వంశమేనా, తేలిందా?"

"తేలింది" అన్నాడు. "మధూ, రుచిని ఎత్తుకో. దాని జడలు చేత్తో పట్టుకో, ఊగనివ్వకు. గదిలోకి పోయి గడియ పెట్టు. ఎందుకని అడగకు."

ఆ గొంతులో ఏం విన్నదో, ఆమె అడగలేదు. అడుగుల చప్పుడు, రుచిత నవ్వు, తర్వాత గడియ పడిన చప్పుడు వినిపించాయి. తలుపును అవతలి నుంచి ఏదో ఒకసారి గట్టిగా గుద్దింది.

భానుప్రకాష్ గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు. వెనక నుంచి అప్పడు పిలిచాడు.

"బావూ, ఆడికి జత కట్టించినప్పుడు మంచి పిల్లనొకదాన్ని నాకియ్యాల లా."