ఎడమ పక్క పళ్ళు

మా ఆయన ఆర్థర్ రిటైరైనా ఆయనలోని డ్రాయింగ్ మాస్టరు రిటైర్ కాలేదు. గీత అంటే తిన్నగా ఉండి తీరాలి. అలాంటి మనిషి చర్చిలో సంఘమంతటి ముందు లేచి, "గాలివానకి పడిపోయిన మన ఆవరణలోని నిద్రగన్నేరు మానుతో గుడికి బల్ల చేస్తాను. వచ్చే ఆదివారం దానిమీదే కూర్చుందురుగాని" అనేశారు. నన్నొక్క మాట అడిగి ఉంటే చొక్కా పట్టి కూర్చోబెట్టేదాన్ని.

కోశాధికారి నోవహు గారు వెంటనే అందుకున్నారు. "ఆదివారానికి బల్ల రాకపోతే సోమవారం మాను కట్టెల అడితికి పోతుంది మాస్టారూ!"

మా పెళ్ళి ఫోటో తీసింది ఆ చెట్టు కిందే.

బల్లకి కాళ్ళు శుక్రవారానికే తయారయ్యాయి. శనివారం కార్ఖానా ఏరియాలో తెలిసినవాళ్ళ దగ్గర పెట్రోలు రంపం అరువు తెచ్చారు. సైకిలు చైనుకి పళ్ళు మొలిచినట్టుండే దాని గొలుసు మానులోకి జానెడు దిగి, కీచుమని అరిచి మొండికేసింది. లోపల మేకు తగిలి పళ్ళు అరిగిపోయాయి. ఇరవై ఏళ్ళ క్రితం నోటీసు బోర్డు తగిలించడానికి ఆ మేకు కొట్టిందెవరనుకున్నారు? ఈయనే.

గొలుసు సంచిలో వేసుకుని రెజిమెంటల్ బజార్‌లో రంపాలకు పదును పెట్టే బ్రహ్మచారి కొట్టుకి ఇద్దరం పరుగెత్తాం.

"ఇది కొమ్మలు అడ్డం కోసే పదును సారూ. చెక్కలు నిలువుగ చీల్చాలంటే పన్ను జెర సీదా ఉండాలె" అంటూ అతను ఆకురాయి అందుకున్నాడు. గొలుసులో ఒక పన్ను కుడికీ, ఒక పన్ను ఎడమకీ చూస్తుంటుంది. ముందు కుడి పళ్ళన్నీ, తర్వాత ఎడమ పళ్ళన్నీ అరగదీయాలట. కుడివైపు పూర్తయింది. అతను గోడమీది గడియారం, క్యాలెండరు చూసి ఆకురాయి కింద పెట్టేశాడు.

"నాలుగు గొట్టింది. అమాస షురూ అయింది. అమాస దినం మావోళ్ళు పనిముట్టు ముట్టరు. ఎడమ పక్కయి సోమారం జేస్త."

"అదేంటండీ! ఇంకో పావుగంట పనేగా!" అన్నారు ఈయన.

"రేపు ఐతారం మీరు రంపం ముడ్తరా సారూ?"

"ముట్టను."

"మరి?"

ఈయన గొలుసు సంచిలో వేసుకున్నారు.

"సగం పదునుతోని నడిపియ్యకుండ్రి, ఒక్క దిక్కే గుంజుతది" అని వెనకనుంచి అరిచాడు బ్రహ్మచారి. విన్నారా? సగం పదునైనా పదునేగా అన్నారు నాతో.

రంపం గుంజింది. చెక్క ఒక కొస మందంగా, ఇంకో కొస రెండు వేళ్ళు పలచగా వచ్చింది. దాన్నే కాళ్ళకి బిగించి ఆదివారం పొద్దున్నే గుడికి చేర్చాం. నోవహు గారు జేబులోంచి పెన్సిలు తీసి బల్లమీద పెట్టారు. అది దొర్లుకుంటూ వెళ్ళి అవతలి చివర కిందపడింది. ఈయన తల వంచుకున్నారు. అంతమందిలో ఈయన్ని అలా చూసి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చాడు బ్రహ్మచారి, చేతిసంచితో. "నాకెరికే సారూ, మీరు ఆగరని. రాతంత పరేషాన్ అయిన. రేపు వంకర చెక్క జూసి నా పేరే జెప్తరు గదా!" సంచిలోంచి నాలుగు పాత పంచాంగాలు తీసి, పలచటి కొస కాళ్ళ కింద రెండేసి పెట్టాడు. "పనిముట్టు ముట్టలే. పుస్తకాలే ముట్టిన."

"గుళ్ళో పంచాంగమా!" నోవహు గారు ఎగిరిపడ్డారు.

పాస్టరు దేవకృప అయ్యగారు వంగి చూశారు. పెన్సిలు తీసి మళ్ళీ బల్లమీద పెట్టారు. అది కదలలేదు.

"పాత కాగితాలేగా నోవహు గారూ. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ఆయన బరువుకి బల్ల కిక్కురుమనలేదు.

సోమవారం అడితివాడికి బదులు బ్రహ్మచారి వచ్చి ఎడమ పళ్ళకీ పదును పెట్టాడు. "మిగతా బల్లల పని ఆదివారం, అమావాస్య తప్ప ఏ రోజైనా చేయవచ్చును" అని కమిటీ మినిట్స్‌లో నోవహు గారే తన చేత్తో రాశారు.

తర్వాతి బల్లలన్నీ గీత గీసినట్టు వచ్చాయి. మేమిద్దరం మాత్రం మొదటిదానిమీదే కూర్చుంటాం. మొన్న ఈయన చిత్రిక పట్టుకొచ్చి, "మణీ, దీన్ని కూడా తిన్నగా చేసేయనా?" అన్నారు.

"ముట్టుకుని చూడండి చెప్తాను" అన్నాను.