సాంచెల షెడ్డులో సొంత తపాలా

నేను ఒక ముసలి కంప్యూటర్‌ను. ఒక కాలేజీ ల్యాబులో పిల్లల వేళ్ల కింద నలిగాను, కొత్తవి రాగానే తుక్కు దుకాణానికి చేరాను. అక్కడిదాకా నాకు మనుషుల మీద కోపం లేదు. భూమేశ్ చేతిలో పడ్డాకే వాళ్ల తెలివి ఎంతో తెలిసింది.

భూమేశ్ సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంట్లో మొదటి డిగ్రీవాడు. అంత చదువునూ ఎక్కడో ఒకచోట దించుకోవాలి గదా, నా మీద దించాడు. నాలోని పాత సరుకు తుడిచేసి, ఉచితంగా దొరికే లినక్స్ అనే వ్యవస్థ ఎక్కించాడు. ఇంటిపేరుతో ఇంటర్నెట్‌లో ఒక చిరునామా కొన్నాడు. షెడ్డులో దూది దుమ్ము మధ్య నన్ను కూర్చోబెట్టి, ఉత్తరాలు పంపి, అందుకునే మెయిల్ సర్వర్ అని పేరు పెట్టాడు. ఊరంతా ఉచితంగా వాడుకునే మెయిల్ ఈయనకు నామోషీ.

"మన ఉత్తరాలు మన ఇంట్లనే ఉంటయి. ఎవని దయ అక్కర్లేదు," అన్నాడు భార్య స్వరూపతో.

"కరెంటోళ్ల దయ?" అన్నది స్వరూప.

నాకు ఆవిడ అప్పుడే నచ్చింది.

స్వరూప చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. దసరా ముందు హైదరాబాదులోని ఒక బట్టల దుకాణం వాటి సంగతి విని, నమూనాలు మెయిల్ చేయమంది. ఆర్డర్ ఎవరికో పండగ మర్నాడు తేలుస్తామంది. అదొస్తే షెడ్డులో పని లేక ఆగిపోయిన రెండు సాంచెలూ మళ్లీ తిరుగుతాయి. ఆమె పేరు మీద ఇంటికి వచ్చే మొదటి పని అది.

"ఫోన్ల నుంచి పంపుత," అన్నది.

"సొంత సర్వర్ ఉండంగ పరాయి మెయిల్ ఎందుకు? ఇజ్జత్ ఏమైతది?"

ఇజ్జతే గెలిచింది. నేను నమూనాలు మోసుకెళ్లి అవతలి గుమ్మంలో అప్పగించాను. 'అందింది' అని అక్కడి యంత్రం రసీదిచ్చింది. భూమేశ్ మీసం దువ్వాడు. ఇంటి కనెక్షన్ మీద నడిచే అనామక సర్వర్లను పెద్ద యంత్రాలు నమ్మవు. ఉత్తరం తీసుకున్నట్టే తీసుకుని, స్పామ్ అనే చెత్తబుట్టలో పడేస్తాయి. ఈ సంగతి భూమేశ్ కూడా చదివాడు. అది ఇతరుల సర్వర్ల గురించి అనుకున్నాడు.

"ఒక్కపారి ఫోన్ జేసి అడుగరాదు?" అన్నది స్వరూప.

"రసీదున్నంక అడిగితే నవ్వుతరు."

దసరా వచ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో సాంచెలు ఆపి, తుడిచి, బొట్టు పెట్టి మొక్కుతారు. మర్నాటిదాకా నడపడం పాపం. భూమేశ్ తల్లి రాజవ్వ కుంకుమ గిన్నె పట్టుకుని నా ముందుకొచ్చింది.

"ఇది గూడ మిషినే గదా బిడ్డా. బందు పెట్టు, దండం పెట్టుకుందాం."

ఉత్తరాలు మోసేవాడికి పండగ సెలవు ఉండదని డిగ్రీవాడికి తెలియాలి. తెలియలేదు. సంబరంగా నా తీగ పీకాడు. నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ. ఇంత గౌరవంగా ఎవరి నోరూ నొక్కి ఉండరు.

మర్నాడు మధ్యాహ్నం సాంచెలతో పాటు నన్నూ లేపారు. గుమ్మం బయట పడిగాపులు పడిన ఉత్తరమొకటి లోపలికొచ్చింది. పండగనాడు దుకాణం రాసింది: 'మీ నమూనాలు మాకు రాలేదు. రేపు పొద్దున్నకల్లా పంపండి.'

ఆ పొద్దున అప్పటికే దాటిపోయింది. స్వరూప నిలబడ్డచోటే దుకాణానికి ఫోన్ చేసింది. ఆర్డర్ వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఆమె ఏడవలేదు.

"నీ ఇజ్జత్ పదిలంగ ఉన్నదా?" అని మాత్రం అడిగింది.

భూమేశ్ నా వైపు చూశాడు, తప్పు నాదన్నట్టు.

నా జన్మలో నాకు చేరిన ముఖ్యమైన ఉత్తరం అదొక్కటే. అదీ నేను పంపింది చేరలేదని.

ఇప్పుడు నా నెత్తిన నూలు కండెల బుట్ట పెడుతున్నారు. స్వరూప వేరే దుకాణాలకు డిజైన్లు ఫోనులోంచి పంపి, వెంటనే ఫోన్ చేసి "వచ్చినయా?" అని అడుగుతుంది. ఆగిపోయిన రెండింటిలో ఒక సాంచె తిరుగుతోంది. రెండోది ఇంకా ఆగే ఉంది.

ఏడాది తిరిగి, మొన్న దసరాకు రాజవ్వ సాంచెలకు బొట్లు పెడుతూ నన్ను దాటిపోయింది. స్వరూప ఆపింది.

"దీనికి గూడ పెట్టు అత్తా. పని జెయ్యకున్నా ఇంట్ల ఉన్నది గదా."

రాజవ్వ నాకు బొట్టు పెట్టింది. స్వరూప ఆమె చేతిలోని కుంకుమ గిన్నె అందుకుని, పక్కనే ఉన్న భూమేశ్ వైపు తిరిగింది. అతను బొట్టుకు నుదురు వంచాడు.

చదివిన చదువు ఆమాత్రం వంచింది, చాలు.