రెంటికీ ఒకే పెట్టె

మేవిస్ అత్త తుపాకుల కొట్లోకి తుపాకీతో వెళ్ళాలంటే ఒక పద్ధతుంది. తూటాలు ఇంట్లోనే తీసేయాలి. రివాల్వర్లో తూటాలు దూర్చే చక్రం పక్కకి తెరిచి, గుడ్డలో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని పోవాలి. అలా కాకుండా వెళితే గవర్నరునైనా గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది. ఎనభై రెండేళ్ళ మనిషి. మాకు చుట్టమేమీ కాదు. వాళ్ళాయనా మా నాన్నా ఒకే బొగ్గు గనిలో ఒకే షిఫ్టులో దిగేవారు. ఈ లోయలో అంతకంటే దగ్గర చుట్టరికం ఏముంటుంది?

గుడ్డ విప్పి నాన్న రివాల్వర్ ఆమె ముందు పెట్టాను.

"ఏం ఎస్టిల్, అమ్మేస్తావా?"

"లేదత్తా. దీనికి జోడీ కావాలి. ఇవే ముప్పై ఎనిమిది నంబరు తూటాలు తినే పొట్టి రైఫిల్ ఏదైనా చవకలో చూపించు."

ఆమె కళ్ళద్దాల మీంచి నన్ను చూసింది. ఆ రివాల్వర్‌కి జోడీ ఎక్కడుందో ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడికి పదిహేను మైళ్ళలో, మా అక్క జునీటా ఇంట్లో, పొయ్యి పక్క గోడకి వేలాడుతోంది. పదకొండేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కలేదు నేను.

నా అవసరం నాది. అరవై నాలుగేళ్ళొచ్చాయి. స్కూలు బస్సుల కింద దూరి నట్లు బిగించిన చెయ్యి ఇప్పుడు కాఫీ కప్పు ఎత్తినా వణుకుతోంది. కోళ్ళగూటి దగ్గరికి నక్క వస్తే రివాల్వర్ నిలవదు. పోయిన నెల దానికి గురిపెట్టి నా నీళ్ళ తొట్టికి చిల్లు పెట్టాను. నక్క కాసేపు నిలబడి చూసి మరీ వెళ్ళింది. రైఫిల్ అయితే భుజానికి ఆనుతుంది, కంచె మీద ఆనించుకోవచ్చు. కొనుక్కుంటే ఇక ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు. అసలు సంగతి అది.

అత్త ముందు నల్లటి ప్లాస్టిక్‌ది ఒకటి తెచ్చింది. మధ్యకి మడిస్తే సంచిలో పట్టేస్తుంది.

"అన్నిటికంటే చవక ఇదే. కుర్రాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తున్నారు. వాళ్ళ పిస్టల్లో ఉన్న తూటాల డబ్బీ తీసి దీనికి తగిలించుకోవచ్చు. కాకపోతే ఇది తినేది తొమ్మిది మిల్లీమీటర్లది. మీ నాన్నది దాచేసి, దీనికి తగ్గ పిస్టల్ ఇంకోటి కొనుక్కోవాలి నువ్వు."

"చెప్పుకి తగ్గట్టు కాలు కోసుకోమంటావా?"

"చవకన్నావు కదా, చూపించాను."

రెండోది కింద మీట లాగి వదిలే రకం. కొత్తది, వాల్‌నట్ చెక్క, పెళ్ళికొడుకులా మెరుస్తోంది. ధర చీటీ చూసి దాన్ని ముట్టుకోకుండానే వెనక్కి జరిగాను. మూడోదాని కోసం అత్త లోపలి గదిలోకి వెళ్ళింది.

ఆ కొట్లో నూనె వాసన నలభై అయిదేళ్ళయినా మారలేదు. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, గనిలో పని సగానికి తగ్గిన ఏడాది, నాన్న ఇక్కడే నిలబడి తన రైఫిల్ ఎంచుకున్నాడు. రివాల్వర్ అప్పటికే ఉంది, గని దగ్గర రాత్రి కాపలాకి తిరిగిన రోజుల్లోది. ఆయన తోటివాళ్ళందరూ జింకల వేటకని పెద్ద రైఫిళ్ళు కొంటున్నారు. నాన్న మాత్రం రివాల్వర్‌ని గుడ్డలో చుట్టి తెచ్చి, "దీని కంచంలో తినేది ఏదుంటే అది ఇవ్వు. రెండు తుపాకులకి రెండు రకాల తూటాల పెట్టెలు కొనే దొరని కాదు నేను," అన్నాడు.

చిన్న తూటాలు తినే రైఫిలని గని దగ్గర ఆయన్ని ఎంత ఏడిపించారో.

"ఏమయ్యా, నీ రైఫిల్‌కి ఇంకా పాలు మాన్పించలేదా?"

నాన్న నవ్వేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వాగు ఒడ్డున కంచె మీద చిక్కుడు గింజల ఖాళీ డబ్బాలు వరసగా పెట్టేవాడు. అక్కకి రైఫిల్, నాకు రివాల్వర్. ఇద్దరికీ మధ్యలో ఒకే పెట్టె. చెరి ఆరు తూటాలు, ఓడినవాళ్ళు గిన్నెలు కడగాలి. పెట్టె అక్క ఏప్రన్ జేబులో ఉండేది. ఒక్కొక్కటే లెక్కపెట్టి నా అరచేతిలో వేసేది.

"ఒరేయ్, డబ్బా కంచె మీదుంది. మేఘాల్లో లేదు."

"నీకు భుజం ఆనుకోడానికి చెక్కుంది. నాకేముంది?"

"నీకు నోరుందిగా. దానికి ఆనించుకో."

అమ్మ మొక్కజొన్న రొట్టె పెనంతో సహా గట్టు మీదికి తెచ్చేది. చేతులకి తుపాకిమందు వాసన, నోట్లో వెన్న. ఆ ఆదివారాల్లో ఒక్కటి తిరిగొస్తుందంటే నా పెన్షనంతా రాసిచ్చేస్తాను. ఆ వయసులో గిన్నెలు కడగాలనే నా బాధంతా.

ఒకసారి తూటాలు తెమ్మని నన్ను పంపితే రైఫిల్ గొట్టం మీదున్న అంకె చూసి, మూడువందల యాభై ఏడువి పట్టుకొచ్చాను. లావు అంతే, కాస్త పొడుగెక్కువ. రైఫిల్ హాయిగా మింగింది. రివాల్వర్ చక్రంలో మాత్రం మూతి బయటపెట్టి కూర్చున్నాయి, ఎంత నొక్కినా దిగవు. నాన్న కోప్పడలేదు.

"పెద్దది చిన్నదాని తిండి తింటుందిరా. చిన్నది పెద్దదాని తిండి తినలేదు. కొట్టుకి వెళ్ళినప్పుడు చిన్నదాన్ని తలుచుకోవాలి," అన్నాడు.

పదకొండేళ్ళ కిందట ఆయన పోయాక వీలునామా తెరిచి చూస్తే, జంటని విడదీసి, రైఫిల్ అక్కకీ రివాల్వర్ నాకూ రాశాడు. ముసలాయన తిక్క అనుకున్నాను. కొడుకుని కాబట్టి రైఫిల్ నాదేనని నా లెక్క. అంత్యక్రియల భోజనాల దగ్గర, చర్చి కింది గదిలో, అరవై మంది ముందు నోరు జారాను. అక్క మొగుడు హర్షెల్ ఆ రోజుల్లో తాగేవాడు. తన గిటారు ఒకసారి తాకట్టు పెట్టాడు కూడా. "ఆ రైఫిల్ ఆ ఇంటికెళితే నెల తిరక్కుండా తాకట్టు కొట్లో తేలుతుంది" అన్నాను. హర్షెల్ చేతిలో కంచం ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నేను తీసుకునే ప్రయత్నమే చెయ్యలేదు. రెండేళ్ళ కిందట చలికాలంలో హర్షెల్ పోయినప్పుడు కూడా.

మేవిస్ అత్త మూడోది తెచ్చింది. బ్రెజిల్లో చేసింది, వాడినది, భుజానికి ఆనే చెక్క మీద గీత. మీట లాగితే మెత్తగా కదిలింది. భుజానికి ఆనించాను. చెయ్యి వణుకు చెక్కలో ఇంకిపోయినట్టు ఆగింది. ధర కూడా నా చేతికి అందేదే.

"ఇదేనత్తా. కాయితం ఇవ్వు."

తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన సర్కారు వాళ్ళ ఫారం తీసి ఇచ్చింది. పేరు రాస్తుంటే అక్షరాలు వంకర్లు పోతున్నాయి. అత్త ఎదురుగా మోచేతులు ఆనించి చూస్తోంది.

"మీ అక్క ఏటా అక్టోబరులో వస్తుంది," అంది. "అంతకుముందు హర్షెల్ వచ్చేవాడు. రైఫిల్ విప్పించి, తుడిపించి, నూనె వేయించుకుని, ఒక పెట్టె తూటాలు కొనుక్కుని పోయేవాడు. ముప్పై ఎనిమిదివే."

కలం ఆపకుండా, "అవి చవక కదా," అన్నాను.

"చవకా? అందరూ మూతికి గుడ్డలు కట్టుకు తిరిగిన ఆ మాయరోగం ఏడాది ఈ జిల్లా మొత్తంలో ఒక్క ముప్పై ఎనిమిది తూటా లేదు. మూడు యాభై ఏడువి మాత్రం రెండు పెట్టెలు ఈ గూట్లోనే ఉన్నాయి. మీ అక్క కోళ్ళని అడవి కుక్కలు ఎత్తుకుపోతున్నాయని వచ్చింది. నీ రైఫిల్ ఇవి కూడా తింటుంది కదే, పట్టుకుపో అన్నాను. వద్దంది. జనవరి దాకా ఆగింది. ఆరు కోళ్ళు పోయాయి."

"ఎందుకట?"

"నేనూ అదే అడిగాను. 'అవి మా తమ్ముడి దాంట్లో దిగవు' అంది."

నా పేరు కాయితం మీద సగం రాసి ఉంది. మిగతా సగం రాయలేకపోయాను. కళ్ళు మసకలు కమ్మాయి. అరవై నాలుగేళ్ళ మొగాణ్ణి, తుపాకుల కొట్లో, ఎవరైనా వస్తారేమోనని కూడా చూసుకోకుండా ఏడ్చాను. అత్త తుపాకులు తుడిచే గుడ్డ నా వైపు తోసింది.

"అది లోపల పెట్టెయ్ అత్తా," అన్నాను.

"అసలు బయటికి తేకుండా ఉండాల్సింది," అంది, ఫారం చించేస్తూ.

నేను వెళ్ళేసరికి అక్క వసారాలో కూర్చుని ఎండబెట్టడానికి ఆపిల్ ముక్కలు కోస్తోంది. జుట్టంతా తెల్లబడింది. ట్రక్కు చప్పుడు విన్నా తలెత్తలేదు.

"దారి తప్పావా?"

"లేదక్కా. చెయ్యి వణుకుతోంది. రివాల్వర్ నిలవట్లేదు."

"అందుకా వచ్చావు?"

"అందుకు కొట్టుకి వెళ్ళాను. ఇక్కడికి అందుకు రాలేదు."

ఆమె ఇంకో ఆపిల్ తీసుకుంది. చెక్కు తెగకుండా గుండ్రంగా తీసి, ముక్కలు కోసి, గంపలో వేసింది. నేను మెట్ల కిందే నిలబడ్డాను.

"హర్షెల్‌ని తీసుకెళ్ళిన రోజున చర్చి ఎదురుగా దాణా కొట్టు దగ్గర నీ ట్రక్కు గంటసేపు ఆగింది."

"చూశావా?"

"ఊరంతా చూసింది. శవపేటిక మొయ్యడానికి ఆరుగురు కావాలి. అయిదుగురే ఉన్నారు. నువ్వు దిగి వస్తావని అందరూ కాసేపు ఆగారు. చివరికి పాస్టర్ చెయ్యి వేశాడు."

ఆ రోజు తలుపు పిడి మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసి, చివరికి ఇంటికి పోయిన సంగతి చెబుదామనుకున్నాను. అది చెప్పడం కంటే ఊరుకోవడం మర్యాద.

"నన్ను క్షమించు అక్కా."

"నన్నేమన్నావని? నువ్వన్నది ఆయన్ని." కత్తితో ఇంటి వెనక గుట్ట చూపించింది. మా వైపు చాలా ఇళ్ళకి ఉన్నట్టే వాళ్ళ మనుషుల సమాధులు ఆ గుట్ట మీదే ఉన్నాయి. "లోపలికి రావాలంటే ముందు అక్కడికెళ్ళి రా. ఆ రోజు అరవై మందికి వినబడేలా అన్నావు. ఇవాళ నాకు ఇక్కడికి వినబడేలా చెప్పు."

గుట్ట ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. హర్షెల్ రాయి చిన్నది, చుట్టూ గడ్డి శుభ్రంగా కోసి ఉంది. టోపీ తీశాను. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ముందు నా పేరు చెప్పాను.

కింద వసారాలోంచి అక్క గొంతు వచ్చింది.

"వినబడట్లేదు."

మళ్ళీ మొదలుపెట్టాను.